కట్టు వేసేటప్పుడు మత్తులో బాబుకి ఊపిరి ఆగింది, మళ్ళీ మత్తు ఇవ్వాలంటున్నారు

చిన్నోడి అమ్మ
జనవరి 19, రాత్రి 11:05

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

మా బాబుకి నాలుగేళ్ళు నిండాయి, 15 కిలోలు. కనుమ రోజు సాయంత్రం గాలిపటం కోసం మేడ మీద నీళ్ళ తొట్టి ఎక్కి జారి పడ్డాడు. ఎడమ ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. చెయ్యి విల్లులా వంగిపోయింది. మా ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీకి పరిగెత్తాం. "కాసేపు మత్తిచ్చి ఎముక సరిచేసి కట్టు వేసేస్తాం, పావుగంట పని" అన్నారు. సంతకం పెట్టాం. బయట ఉండమన్నారు గానీ వాడు నా చున్నీ వదల్లేదు, అందుకని తెర పక్కన నిలబడనిచ్చారు.

నరానికి మందు ఇచ్చారు. ఒక్క నిమిషంలో వాడు అదోలా అయిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడట్లేదు. ఎముక లాగారు, కిక్కురుమనలేదు. కట్టు చుడుతుండగా ఉన్నట్టుండి సిస్టర్ "సార్, బాబు!" అని అరిచింది. చూస్తే పెదాలు నేరేడు పండు రంగులోకి వచ్చేస్తున్నాయి. నన్ను పక్కకు లాగేశారు. మాస్కు పెట్టి నొక్కారు. ఒకాయన పరిగెత్తుకొచ్చి వాడి చెవుల వెనక వేళ్ళు పెట్టి గట్టిగా నొక్కుతూ దవడ పైకి లాగారు. ఎంతసేపో చెప్పలేను. తర్వాత కోడిపుంజు కూత లాంటి శబ్దం ఒకటి వచ్చింది, రంగు తిరిగింది. గంటన్నరకి "అమ్మా" అన్నాడు.

అంతా అయ్యాక డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "సాయంత్రం ఏం పెట్టారమ్మా?" ఆరింటికి ఒక అరిసె తిన్నాడు, పాలు తాగాడు అన్నాను. "అదీ సంగతి" అని వెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఇంట్లో మా అత్తగారు కూడా అదే మాట. చేతికిచ్చిన కాగితంలో "మత్తులో ఎముక సరిచేసి స్లాబ్ (పిండికట్టు) వేశాం" అని ఉంది, ఊపిరి ఆగిన సంగతి ఒక్క ముక్క లేదు.

ఇవాళ ఎక్స్‌రేలో ఎముక మళ్ళీ పక్కకి జరిగిందట. వారంలోపు మళ్ళీ మత్తిచ్చి సరిచేయాలి అంటున్నారు. నిద్ర పట్టట్లేదు. అరిసె వల్లే అయిందా? మళ్ళీ అలాగే అవుతుందా?

అనుమానం పక్షి
జనవరి 19, రాత్రి 11:31

ముందు ఆ ఆసుపత్రి మీద కేసు పెట్టండి. ఇలాంటి పనికి పిల్లలకి కేటమిన్ అనే మత్తుమందు ఇస్తున్నారు, తెలుసా? గుర్రాలకి ఇచ్చే మందు అది. పబ్బుల్లో మత్తుగాళ్ళు వాడేది.

ముగ్గురి నాన్న
జనవరి 19, రాత్రి 11:48

అమ్మా, ధైర్యంగా ఉండండి. బాబు బాగున్నాడు కదా, అది ముఖ్యం. మా రెండోవాడి విషయంలో నేను చేసిన పని ఒకటుంది, అది రేపు రాస్తాను. ఇక్కడ మత్తు డాక్టరు గారు ఒకాయన ఉన్నారు, ఆయన చూస్తే చెప్తారు.

గోదారి మత్తు డాక్టర్
జనవరి 20, ఉదయం 6:10

పిలిచారు, వచ్చాను. రాజమండ్రి వైపు 22 ఏళ్ళుగా ఇదే పని.

అమ్మా, ఏదైనా చెప్పేముందు ఒక్కటి గుర్తు తెచ్చుకుని చెప్పండి. పెదాలు నీలంగా మారినప్పుడు బాబు ఛాతీ కదులుతోందా, అసలు కదలకుండా ఉందా? రెండోది, మర్నాడు చెవుల వెనక నల్లగా గానీ ఎర్రగా గానీ కమిలిన మచ్చ ఏమైనా కనిపించిందా? మూడోది, పడిన రోజుకి ముందు రొంప, దగ్గు ఏమైనా ఉన్నాయా?

చిన్నోడి అమ్మ
జనవరి 20, ఉదయం 6:52

కదిలింది సార్. అదే వింత. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ఛాతీ లోపలికి పోతోంది, కానీ శబ్దం లేదు. ఏడుపు టీవీలో మ్యూట్ చేసినట్టు.

మచ్చ ఉంది! రెండు చెవుల కింద వెనకవైపు, బొటనవేలంత. స్నానం చేయిస్తుంటే చూసి ఏడ్చాను, అంత గట్టిగా నొక్కేశారేంటని.

రొంప అప్పటికే ఐదు రోజులుగా ఉంది. భోగి రోజు కొంచెం ఒళ్ళు వెచ్చబడింది కూడా. క్యాజువాలిటీలో ఎవరూ అడగలేదు. చెయ్యి విరిగితే రొంప సంగతి చెప్పాలని నాకూ తోచలేదు.

గోదారి మత్తు డాక్టర్
జనవరి 20, ఉదయం 7:40

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గొంతు పట్టేయడం. మేం లారింగోస్పాజం అంటాం. ఎదుట ఉండి చూడలేదు కాబట్టి నూటికి నూరుపాళ్ళు అనను గానీ, ఛాతీ కదులుతూ శబ్దం లేకపోవడం, తర్వాత కోడికూత, ఇవి రెండూ కలిస్తే నాకు వేరే పేరు తోచదు. మందు ఎక్కువై ఊపిరి తీయడమే మానేస్తే ఛాతీ కదలదు. అది వేరే కథ, దానికి వైద్యమూ వేరు.

మనం అన్నం తింటూ మాట్లాడితే పొలమారుతుంది కదా. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతారు. అప్పుడు లోపల జరిగేదేంటంటే, గొంతులో ఉన్న రెండు తలుపులు, అంటే మాట పుట్టే స్వరతంతువులే, ఠక్కున మూసుకుని మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతాయి. దగ్గు రాగానే తెరుచుకుంటాయి. అటు పూర్తి మత్తూ కాక, ఇటు మెలకువా కాక మధ్యలో ఉన్న పిల్లాడికి ఒక చుక్క ఉమ్మి ఆ తలుపుల మీద పడితే చాలు, మూసుకుంటాయి. తెరుచుకోవడం మరిచిపోతాయి. రొంప ఉన్న గొంతు ముందే చిరాకుగా ఉంటుంది, ఇంకా తొందరగా మూసుకుంటుంది. కేటమిన్‌తో ఉమ్మి ఎక్కువగా ఊరుతుంది కూడా.

అరిసె కడుపులో ఉంది, గొంతులో కాదు. వాంతి అయ్యి అది పైకి వచ్చి ఉంటే అప్పుడు దాని పాత్ర గురించి మాట్లాడుకోవచ్చు. మీరు వాంతి అన్న మాటే రాయలేదు. కాబట్టి అత్తగారికి నా నమస్కారం చెప్పి ఈ పోస్టు చూపించండి.

ఇక ఆ మచ్చ. చెవి తమ్మె వెనక ఒక గుంట ఉంటుంది, మీ చెవి వెనక మీరే వేలు పెట్టి చూసుకోండి, నొక్కితే నొప్పి తెలుస్తుంది. అక్కడ రెండువైపులా లోపలికి గట్టిగా నొక్కుతూ దవడని ముందుకు ఎత్తితే చాలాసార్లు ఆ తలుపులు విడిపోతాయి. 1998లో ఫిలిప్ లార్సన్ అనే అమెరికా మత్తు డాక్టరు దీని గురించి రాశాక లోకమంతా లార్సన్ పాయింట్ అంటోంది. ఆయన కూడా తాను కనిపెట్టానని చెప్పుకోలేదు, పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నానన్నాడు. ఆ రాత్రి పరిగెత్తుకొచ్చినాయన ఎవరో గానీ పని తెలిసినాయన. ఆ మచ్చ చూసి ఏడవకండి.

కర్నూలు పీజీ
జనవరి 20, ఉదయం 9:15

అనుమానం పక్షి గారికి. కేటమిన్‌ని 1962లో తయారుచేశారు, 1964లో మొదటిసారి మనుషులకి ఇచ్చారు, 1970లో అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. గుర్రాలకి పెన్సిలిన్ కూడా ఇస్తారండీ.

మిగతా మత్తుమందుల్లో చాలావాటికి ఊపిరి నెమ్మదిస్తుంది, నాలుక వెనక్కి జారుతుంది. కేటమిన్‌లో మామూలుగా ఊపిరి దానంతటదే నడుస్తుంది, అందుకే క్యాజువాలిటీలో దానికంత పేరు. 2009లో 8,282 మంది పిల్లల లెక్కలు కలిపి చూశారు, అందరూ ఎమర్జెన్సీలో కేటమిన్ తీసుకున్నవాళ్ళే. ఊపిరి దారికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది 3.9 శాతం మందికి వచ్చింది. గొంతు పట్టేయడం 0.3 శాతం. అంటే వెయ్యిలో ముగ్గురు. రెండేళ్ళలోపు వాళ్ళకీ, 13 దాటిన వాళ్ళకీ, మోతాదు బాగా ఎక్కువైన వాళ్ళకీ, పక్కన మిడజోలం లాంటి నిద్రమందు కలిపినవాళ్ళకీ ఇబ్బంది ఎక్కువ కనిపించింది.

వెయ్యిలో ముగ్గురే కదా అనడం తేలిక. ఆ ముగ్గురిలో మనవాడుంటే లెక్కలు ఎవరికి కావాలి, నిజమే. కానీ మందునే దెయ్యాన్ని చేస్తే రేపు విరిగిన చేతిని మత్తు లేకుండా లాగేవాళ్ళు తయారవుతారు. అదీ చూశాను నేను. నలుగురు పట్టుకుని, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే.

అనుమానం పక్షి
జనవరి 20, ఉదయం 9:40

సరే, గుర్రం మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి కాగితంలో రాయకపోవడం సంగతేంటి?

నైట్ డ్యూటీ
జనవరి 20, మధ్యాహ్నం 2:20

నేను స్టాఫ్ నర్సుని, క్యాజువాలిటీలో 11 ఏళ్ళు. ఆ అమ్మ రాసింది చదువుతుంటే "సార్, బాబు!" అని అరిచిన సిస్టర్ నేనే అనిపించింది. నేను కాదు, కానీ అలా అరిచాను రెండుసార్లు.

అక్కడ నిజంగా ఏమవుతుందో చెప్తాను. మందు ఇచ్చేవరకు అందరి కళ్ళూ బిడ్డ మీదే. మందు పట్టగానే డాక్టరు చెయ్యి వైపు తిరుగుతాడు. హెల్పర్ స్లాబ్ తడుపుతుంటాడు. నన్ను "సిస్టర్, కాటన్ రోల్ ఇంకోటి" అంటారు. నేను అటు తిరిగితే బిడ్డ మొహం చూసేవాళ్ళు గదిలో ఎవరూ లేరు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు వేలికి ఉందిగా అనుకుంటారు. ఆ క్లిప్పు 97 చూపిస్తూనే ఉంటుంది, ఊపిరి అప్పటికే ఆగి ఉంటుంది. ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంటే ఇంకా ఆలస్యంగా పడిపోతుంది. అది 90 దాటి కిందికి మొదలైందంటే ఇక మెట్ల మీంచి బంతి వదిలినట్టే.

మొదటిసారి జరిగినప్పుడు మా దగ్గర పట్టేసిన కండరాలని వదులు చేసే స్కోలిన్ అన్న మందు ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ పక్క గదిలో. ఆ గదికి తాళం. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే తాళంచెవి బెడ్డుకి కట్టిన దారానికి వేలాడాల్సింది, దారమే ఉంది. ఉమ్మి లాగేసే సక్షన్ పనిచేస్తోంది కానీ పైపు చివర పిల్లల సైజుది లేదు. బిడ్డ బాగయ్యాడు, దేవుడి దయ. ఆ రోజు నుంచి నేను ఉన్నంతవరకు ఒకటే నియమం. మాస్కు బిడ్డ ముక్కూ నోటి మీద పెట్టి సైజు చూస్తాను, సక్షన్ ఆన్ చేసి నా అరచేతికి పెట్టుకుని చూస్తాను, స్కోలిన్ ఐస్ ట్రేలో పక్కన పెట్టుకుంటాను. అవన్నీ అయ్యాకే కేటమిన్ తాళం తీస్తాను. తాళాలు నా దగ్గరే కాబట్టి డాక్టర్లు ఏమీ అనలేరు.

ఈడీలో తెలుగోడు
జనవరి 20, రాత్రి 8:05

ఇంగ్లండ్‌లో ఒక ఎమర్జెన్సీలో పనిచేస్తాను, మాది నెల్లూరు. నైట్ డ్యూటీ గారు చెప్పిన "మొహం చూసేవాళ్ళు ఎవరూ లేరు" అన్న మాట దగ్గరే ఇక్కడి పద్ధతి మొదలవుతుంది. కేటమిన్ ఇవ్వాలంటే కనీసం ముగ్గురు ఉండాలి. మత్తూ ఊపిరీ చూసుకునే డాక్టరు ఒకరు, ఎముక లాగేవాళ్ళు వేరొకరు, మానిటర్ చూసే నర్సు ఇంకొకరు. ఎముక లాగే మనిషే మత్తు కూడా ఇవ్వకూడదు. మూడోమనిషి దొరక్కపోతే ఆగుతాం, రాత్రి రెండింటికైనా సరే. అలా ఆగి తల్లిదండ్రుల చేత తిట్లు తిన్నాను కూడా.

మందు నిమిషం పాటు మెల్లగా ఎక్కిస్తాం. ఒక్కసారిగా తోసేస్తే కేటమిన్‌తో కూడా కాసేపు ఊపిరి ఆగుతుంది. తల్లిదండ్రులకి ముందే కాగితం ఇస్తాం, అందులో గొంతు పట్టేయడం గురించి ఉంటుంది. కళ్ళు తెరిచి ఉంటాయి, అటూ ఇటూ కదులుతాయి, భయపడకండి అని కూడా.

తిండి విషయంలో మత్తు డాక్టరు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను, ఇంకా ముందుకెళ్తాను. కెనడాలో ఆరు పిల్లల ఎమర్జెన్సీల్లో 6,295 మందిని చూసి రాశారు. ఎంతసేపు కడుపు ఖాళీగా ఉందన్నదానికీ ఇబ్బందులకీ సంబంధమే కనిపించలేదు. అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం 2014లోనే, తిన్నాడన్న కారణంతో అత్యవసర మత్తుని ఆపొద్దు అని చెప్పింది. మేం అసలు లెక్కపెట్టం.

గోదారి మత్తు డాక్టర్
జనవరి 20, రాత్రి 9:30

నెల్లూరు తమ్ముడూ, అక్కడే నాకు పేచీ. మీ 6,295 మందిలో గొంతులో గొట్టం వేయాల్సిన స్థితికి వెళ్ళినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అంత అరుదైనదాన్ని పట్టుకోవాలంటే ఆ సంఖ్య చాలదు. థియేటర్లో నేను మామూలు ఆపరేషన్‌కి నీళ్ళకి రెండు గంటలు, తల్లిపాలకి నాలుగు, ఘనాహారానికి ఆరు పాటిస్తాను, ఇకముందూ పాటిస్తాను. చెయ్యికి రక్తం అందట్లేదు అన్నప్పుడు మాత్రం అరిసె కాదు, పెళ్ళి భోజనం చేసి వచ్చినా ఆగను.

ఇంకో విషయం. దెబ్బ తగిలి ఏడుస్తున్న పిల్లాడి కడుపు గడియారం ప్రకారం ఖాళీ కాదు. ఆరు గంటలు ఆపాం కాబట్టి క్షేమం అనుకోవడమూ భ్రమే.

ఈడీలో తెలుగోడు
జనవరి 20, రాత్రి 9:52

గడియారం మాట ఒప్పుకుంటున్నాను సార్. మిగతాది మీరు థియేటర్లో, నేను క్యాజువాలిటీలో. ఈ పేచీ నా ఇక్కడి మత్తు డాక్టర్లతోనూ రోజూ ఉంది.

అదే కెనడా లెక్కల్లో ఒకటి మాత్రం అందరూ ఒప్పుకునేది. కేటమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు తీవ్రమైన ఇబ్బంది 0.4 శాతం. దానికి ఫెంటానిల్ అనే నొప్పి మందు గానీ ప్రొపోఫాల్ అనే ఇంకో మత్తుమందు గానీ కలిపినప్పుడు, ప్రొపోఫాల్ ఒక్కటే ఇచ్చినప్పుడు అది చాలా రెట్లు.

కర్నూలు పీజీ
జనవరి 20, రాత్రి 10:30

సార్, చిన్న డౌట్. మా యూనిట్‌లో ఉమ్మి తగ్గాలని కేటమిన్‌కి ముందు అందరికీ గ్లైకో ఇస్తారు. నేను పైన చెప్పిన 2009 లెక్కల్లో అలాంటి మందు కలిపినవాళ్ళకి ఇబ్బంది ఎక్కువే కనిపించింది. చీఫ్‌ని అడిగితే "నేను పుట్టినప్పట్నుంచి ఇస్తున్నాం" అన్నారు. ఇంకోటి, మా క్యాజువాలిటీలో ఊపిరి గీత చూపించే కాప్నోగ్రాఫ్ లేదు. ఏం చేయమంటారు?

గోదారి మత్తు డాక్టర్
జనవరి 20, రాత్రి 11:20

గ్లైకో నేనూ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు అందరికీ ఇవ్వను, నోట్లో కారేంత ఉమ్మి ఉంటే సక్షన్ పెట్టుకుంటాను. మీ చీఫ్‌తో గొడవ పెట్టుకోకండి, పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి.

కాప్నోగ్రాఫ్ గురించి గట్టిగా అడగండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం గాఢమైన మత్తుకి దాన్ని దాదాపు తప్పనిసరి చేసింది. ఊపిరి వదిలినప్పుడల్లా తెర మీద ఒక గుట్ట లేస్తుంది. గొంతు మూసుకుంటే మరుక్షణం గుట్ట మాయం, గీత చదును. వేలి క్లిప్పు మేలుకునే లోపు మీ పని సగం అయిపోతుంది. అది లేనప్పుడు పాత పద్ధతి ఉంది. మెడ కింద గుంటలో స్టెతస్కోప్ గొట్టాన్ని ప్లాస్టర్‌తో అంటించి ఒక చెవిలో పెట్టుకోండి. నేను నేర్చుకున్నప్పుడు మాకు ఉన్నది అదొక్కటే. ఊపిరి శబ్దం చెవిలో ఆగితే చెయ్యి దానంతటదే దవడ మీదికి పోతుంది.

పిల్లలకి టైమ్ ఎందుకు తక్కువో ఇంట్లోవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ఇక్కడే చెప్తాను. పెద్దవాళ్ళు కిలోకి నిమిషానికి 3, 4 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడితే పిల్లలు 6 నుంచి 8 వాడతారు. ఊపిరి వదిలాక ఛాతీలో మిగిలే గాలి నిల్వ మాత్రం చిన్నది. చిన్న ట్యాంకు, పెద్ద ఇంజను. దానికి తోడు పిల్లల తల వెనక భాగం పెద్దది, మంచం మీద చదునుగా పడుకోబెడితే గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, ఊపిరి దారి మడత పడుతుంది. భుజాల కింద మడతపెట్టిన టవల్ ఒకటి పెడితే సగం ఇబ్బందులు రావు. పసిపిల్లల్లో 4 మిల్లీమీటర్ల దారి చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే నాలుగింట మూడొంతుల దారి పోతుంది. రొంపని చిన్నచూపు చూడనిది అందుకే.

గొంతు నిజంగా పట్టేస్తే చేసేది కూడా పెద్ద రహస్యం కాదు. పని ఆపాలి, సాయం కోసం అరవాలి, ఉమ్మి తీయాలి, మాస్కు గాలి కారకుండా అదిమి నూరు శాతం ఆక్సిజన్‌తో మాస్కుకి ఉన్న గాలి బ్యాగ్ మీద ఒత్తిడి ఉంచాలి, దవడ ఎత్తాలి, ఆ గుంట నొక్కాలి. చాలామందికి ఇక్కడితో అయిపోతుంది. కాకపోతే కొంచెం ప్రొపోఫాల్, అప్పటికీ విడవకపోతే స్కోలిన్. గుండె వేగం పడిపోతుంటే ఆలోచించేందుకు ఏమీ మిగలదు, స్కోలిన్ వెళ్ళిపోవాలి, గుండె వేగం పెంచే అట్రోపిన్ చేతిలో ఉండాలి.

వరంగల్ పిల్లల డాక్టరమ్మ
జనవరి 21, ఉదయం 8:00

ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. బాబు నిద్రలో గురక పెడతాడా అమ్మా? నోరు తెరుచుకుని పడుకుంటాడా? ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?

చిన్నోడి అమ్మ
జనవరి 21, ఉదయం 8:25

గురక పెడతాడండీ. నోరు తెరిచే పడుకుంటాడు. అచ్చం వాళ్ళ తాతలాగే అని ముచ్చటపడేవాళ్ళం. తాతగారే, అంటే మా మామగారు, చుట్ట కాలుస్తారు. వరండాలోనే, ఇంట్లో కాదు.

వరంగల్ పిల్లల డాక్టరమ్మ
జనవరి 21, ఉదయం 8:41

వరండా ఇంట్లోదేనమ్మా. పొగ పీల్చే ఇంటి పిల్లలకి మత్తులో గొంతు పట్టేసే అవకాశం ఎక్కువని మత్తు డాక్టర్లకి బాగా తెలుసు. గురక ఉంటే ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ పెరిగిందేమో, టాన్సిల్స్ ఎంత ఉన్నాయో చూడాలి. ఈ వయసులోనే అవి పెద్దగా ఉంటాయి. రెండోసారి మత్తిచ్చే డాక్టరుకి మీరు చెప్పాల్సిన మొదటి మూడు మాటలు ఇవి. పోయినసారి గొంతు పట్టేసింది, రొంప ఇంకా ఉంది, గురక పెడతాడు.

ముగ్గురి నాన్న
జనవరి 21, మధ్యాహ్నం 1:10

రాస్తానన్నాను కదా. మావాడికి రెండేళ్ళప్పుడు తల స్కానింగ్ రాశారు. కదలకుండా ఉండాలని నిద్ర సిరప్, ట్రైక్లోఫాస్ ఇచ్చి, "ఇంటి దగ్గరే తాగించి తీసుకురండి, ఇక్కడికొచ్చేసరికి నిద్రపోతాడు" అన్నారు. తాగించాం, సగం కక్కేశాడు. ఎంత లోపలికి పోయిందో తెలీదు, నేనే ఇంకో మూత తాగించాను. ఆటోలో మా ఆవిడ ఒళ్ళో కూర్చుని నిద్రపోయాడు, తల ముందుకు వాలిపోయింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎందుకో చూస్తే గుర్రుగుర్రుమని ఊపిరి, మధ్యలో ఆగుతోంది. గడ్డం ఎత్తి పట్టుకోగానే మామూలైంది. మిగతా దారంతా గడ్డం అలాగే పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి నొప్పెట్టినా వదల్లేదు. ఆ రోజు అది ఏంటో తెలీదు. ఇవాళ ఈ థ్రెడ్ చదివాక ఒళ్ళు జలదరించింది.

గోదారి మత్తు డాక్టర్
జనవరి 21, సాయంత్రం 4:45

మీరు గడ్డం ఎత్తారు చూడండి, అదే వైద్యం. నాన్నగా మీకు నూటికి నూరు. సిరప్ ఇంటి దగ్గర తాగించమన్న వాళ్ళకి సున్నా.

2000లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో మత్తులో జరిగిన 95 ఘటనలు విడమరిచి రాశారు, అందులో 51 మంది పిల్లలు చనిపోయారు. ఫలానా మందు వల్ల అని ఒక్క మందు మీదా వేలు పెట్టలేకపోయారు. బయటపడ్డ కారణాలు మోతాదు మించడం, రెండు మూడు మందులు కలపడం, చూసే మనిషి లేకపోవడం, ఇంట్లోనే మందు తాగించడం, పూర్తిగా మేలుకోకముందే పంపేయడం. పాతికేళ్ళయింది. మీ ఆటో కథ విన్నాక ఆ వ్యాసం నిన్న రాసినట్టే ఉంది.

నైట్ డ్యూటీ
జనవరి 21, రాత్రి 9:15

పూర్తిగా మేలుకోకముందే అన్నదానికి ఒక ముక్క. పని అయిపోగానే అందరూ హమ్మయ్య అంటారు. నొప్పి ఉన్నంతసేపు ఆ నొప్పే బిడ్డని లేపుతూ ఉంటుంది. ఎముక కుదురుకున్నాక నొప్పి పోతుంది, మందు మాత్రం ఇంకా లోపలే ఉంటుంది. గదిలో జనం తగ్గేది సరిగ్గా అప్పుడే. నేను అప్పుడే కుర్చీ లాక్కుని తల దగ్గర కూర్చుంటాను.

చిన్నోడి అమ్మ
జనవరి 21, రాత్రి 10:40

అందరూ ఇంత రాస్తారనుకోలేదు. ఒక్కటే అర్థం కావట్లేదు. రొంప ఇంకా ఉంది. తగ్గేదాకా ఆగితే ఎముక వంకరగా అతుక్కుంటుంది అంటున్నారు. ఆగకపోతే గొంతు. ఏం చేయను?

గోదారి మత్తు డాక్టర్
జనవరి 21, రాత్రి 11:15

ఇది కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితేనమ్మా, మాకూ తరచూ ఉండేదే. రొంప తగ్గాక కూడా గొంతు రెండు వారాలైనా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే చిరాకుగా ఉంటుంది. నాలుగేళ్ళవాడి ఎముక అన్నాళ్ళు ఆగదు.

ముందు ఎముకల డాక్టరుని సూటిగా అడగండి, ఈ వంపు ఈ వయసులో దానంతటదే సర్దుకునేదా కాదా అని. కొంత వంపు పిల్లల్లో ఎదుగుదలతో పోతుంది. సర్దుకోదు అంటే చేయించాల్సిందే. జ్వరం, పచ్చని చీమిడి, ఛాతీలో పిల్లికూతలు లేకపోతే నేనైతే చేస్తాను. కానీ క్యాజువాలిటీలో కాదు, థియేటర్లో, మత్తు డాక్టరు తన పని తప్ప ఇంకేదీ చేయని చోట. పోయినసారి జరిగినదాన్ని దాచకండి. ఆ ఆసుపత్రికి వెళ్ళి రాసివ్వమని అడగండి. తప్పు ఒప్పుకోమని కాదు, "మత్తులో గొంతు పట్టేసింది, మాస్కుతో తగ్గింది, స్కోలిన్ అవసరం పడింది లేదా పడలేదు" అని ఒక్క వాక్యం. తర్వాతి డాక్టరుకి ఆ వాక్యం బంగారం.

చిన్నోడి అమ్మ
జనవరి 24, సాయంత్రం 6:30

అయిపోయింది. నిన్న ఉదయం వేరే ఆసుపత్రిలో, థియేటర్లో.

వంపు ఎక్కువే, సర్దుకోదు అన్నారు. మత్తు డాక్టరమ్మ ముందురోజే వచ్చి వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు తెరవమంది, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు వింది. మూడు మాటలూ చెప్పాను. గురక అనగానే నావైపు తిరిగి "ఇది ఎవరు చెప్పమన్నారు?" అంది. నవ్వేశాను. భుజాల కింద టవల్ పెట్టారా అని అడగాలనిపించింది గానీ అడగలేదు. తలుపు మూసేలోపు తెర మీద పచ్చగా గుట్టలు గుట్టలుగా గీత లేస్తూ కనిపించింది. అది చూశాక గోడకి ఆనుకుని కూర్చున్నాను. 25 నిమిషాలు. లేచాక కాస్త దగ్గాడు, అంతే. టాన్సిల్స్ పెద్దవే, చెయ్యి బాగయ్యాక ముక్కు, గొంతు డాక్టరుకి చూపించమన్నారు.

పాత ఆసుపత్రికి రెండుసార్లు తిరిగాను. మొదటిసారి ఫైలు దొరకలేదన్నారు. రెండోసారి ఆ రాత్రి చెవుల వెనక నొక్కినాయన ఎదురుపడ్డారు. చిన్న కుర్రాడే. నిలబడే రాసిచ్చారు, స్కోలిన్ వాడలేదని కూడా. ఎక్స్‌రే కవరులో పెట్టుకున్నాను.

నైట్ డ్యూటీ
జనవరి 24, రాత్రి 8:50

కవరులో వద్దమ్మా. ఎక్స్‌రే కవర్లు అటక మీదికి పోతాయి. టీకాల పుస్తకం లోపలి అట్టకి అంటించండి. దాన్ని ఏ తల్లీ పారేయదు.

చిన్నోడి అమ్మ
జనవరి 24, రాత్రి 9:20

అంటించాను.

వరంగల్ పిల్లల డాక్టరమ్మ
జనవరి 25, ఉదయం 7:35

చుట్ట సంగతి ఏమైంది?

చిన్నోడి అమ్మ
జనవరి 25, ఉదయం 8:10

మామగారు మేడ మీదికి మారారండీ. ఆ నీళ్ళ తొట్టి పక్కనే కూర్చుంటున్నారు. అత్తగారు ఇప్పుడు అరిసె మాట ఎత్తట్లేదు, కానీ పొగ మెట్ల దాకా వస్తోందని రోజుకి నాలుగుసార్లు అరుస్తున్నారు.